ఎడమవైపు మూత్రనాళం

2018 జూన్ నెలలో నన్ను సివిల్ సర్జన్ హోదాలో పల్నాడులోని ఒక వంద పడకల ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. స్త్రీల విభాగం బాధ్యత నాది. అప్పటికి పల్నాడు వేరే జిల్లా కాలేదు, గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఆసుపత్రి ఏ ఊళ్ళోదో ఇక్కడ రాయడం లేదు. రోగి పేరు, ఆమె ఇంటివాళ్ళ పేర్లు, సిబ్బంది పేర్లు మార్చాను. మిగిలినదంతా నా డైరీలో ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజుకొక పేజీ రాసే అలవాటు నాకుంది. చేసిన ఆపరేషన్, అందులో ఎదురైన ఇబ్బంది, మర్నాడు చూడవలసిన పని, అంతకుమించి అందులో ఏమీ ఉండదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో అందరికంటే పైన సూపరింటెండెంట్ ఉంటారు. ఆయన కింద విభాగానికొక సివిల్ సర్జన్, ఆ కింద అసిస్టెంట్ సర్జన్లు. వార్డును నిజంగా నడిపేది హెడ్ నర్సు. మా వార్డు హెడ్ నర్సు మస్తాన్‌బీ. మాచర్ల మనిషి. ముప్పై ఏళ్ళ సర్వీసు. రోగి మంచం దగ్గరకు వచ్చి నిలబడగానే ఆమె ముక్కు, చెయ్యి పని మొదలుపెట్టేవి. కాగితం చూడడం ఆ తర్వాతే.

నేను చేరేటప్పటికి ఆసుపత్రికి కొత్త లాపరోస్కోపీ పరికరాలు వచ్చి ఉన్నాయి. పొట్ట మీద నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, గ్యాసుతో పొట్టను ఉబ్బించి, బొడ్డు దగ్గర నుంచి కెమెరా లోపలికి పంపి, టీవీ తెర మీద చూస్తూ చేసే ఆపరేషన్ ఇది. రక్తనాళాలను దారంతో ముడివెయ్యడానికి బదులు కరెంటుతో కాల్చి మూసి, అప్పుడు కత్తిరిస్తాం. నేను ఈ పని నేర్చుకున్నది యాభై దాటాక. అప్పటికే పొట్ట తెరిచి చేసే ఆపరేషన్లలో ఇరవై ఐదేళ్ళ అనుభవం ఉంది.

పల్నాడు ఆడవాళ్ళకు ఈ పద్ధతి నచ్చింది. క్వారీల్లో, మిరప చేలల్లో, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర కూలి పనికి పోయేవాళ్ళు గర్భసంచిలో గడ్డలు పెట్టుకుని ఏళ్ళ తరబడి నెత్తురు పోగొట్టుకునేవారు. పొట్ట కోస్తే మూడు నెలలు బరువు ఎత్తకూడదన్న భయంతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళు కాదు. మూడోరోజు ఇంటికి పోవచ్చు అనేసరికి రావడం మొదలుపెట్టారు. వాళ్ళు దీన్ని టీవీ ఆపరేషన్ అనేవాళ్ళు. ఆపరేషన్ అయి వార్డులోకి వచ్చిన ఒకామెను పక్క మంచం ఆవిడ, ఏం సినిమా చూపించారే అని అడిగితే, నన్ను నిద్రపుచ్చి వాళ్ళే చూసుకున్నారు వదినా అందట. మస్తాన్‌బీ ఈ మాట నాకు చెప్పి నవ్వింది. ఆ నెల అంతా వార్డులో ఇదే హాస్యం.

కోటేశ్వరమ్మ రెండో ఏడు వర్షాకాలంలో వచ్చింది. దుర్గి దగ్గర పల్లె. నలభై రెండేళ్ళు. భర్త బ్రహ్మయ్య రాతి శిల్పాలు చెక్కుతాడు. చెక్కడం మగవాళ్ళ పని, నునుపు పెట్టడం ఆడవాళ్ళ పని. బొమ్మ పూర్తయ్యాక ముందు గరుకు రాయితో, తర్వాత మెత్తటి రాయితో, నీళ్ళు పోస్తూ రోజంతా రుద్దుతూ కూర్చోవాలి. కోటేశ్వరమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తోంది. ఆమె వేళ్ళ చివర్లలో గీతలు అరిగిపోయి ఉండడం పరీక్ష చేస్తున్నప్పుడు గమనించాను.

గర్భసంచి పద్నాలుగు వారాల గర్భమంత పెరిగి ఉంది. రక్తం బాగా తగ్గింది. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించి ఆపరేషన్‌కు సిద్ధం చేశాం. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కాబట్టి గర్భసంచి తీసెయ్యడానికి ఆమె, భర్త ఒప్పుకున్నారు. స్కానింగులో ఒక విషయం తెలిసింది. గడ్డల్లో ఒకటి ఎడమవైపున, బాగా కిందికి, గర్భసంచి పక్కనుండే పొరల మధ్య పెరిగింది.

దీని ప్రమాదం ఏమిటో పాఠకులకు చెప్పాలి. కిడ్నీ నుంచి మూత్రసంచికి మూత్రం తెచ్చే నాళం పెన్సిలు కంటే సన్నగా ఉంటుంది. అది గర్భసంచికి రక్తం తెచ్చే ధమని కిందుగా, వేలెడు దూరం కూడా లేకుండా పోతుంది. మామూలు మనిషిలో అది ఎక్కడుంటుందో మాకు తెలుసు. పక్కన గడ్డ పెరిగితే దాన్ని తోసేస్తుంది, అప్పుడు ఎక్కడుందో చూసి తెలుసుకోవలసిందే. తాకితే పురుగులా కదులుతుంది. ఆ కదలిక చూశాకే పక్కన కరెంటు పెట్టాలి. ఇది విద్యార్థులకు కూడా తెలిసిన సూత్రం.

ఆపరేషన్ రోజు కుడివైపు పని సాఫీగా సాగింది. ఎడమవైపు గడ్డను కదుపుతున్నప్పుడు ధమని కొమ్మ ఒకటి చిట్లింది. తెర ఎర్రబడింది. కడిగించాను, మళ్ళీ నిండింది. రక్తం వస్తున్న చోటును పట్టుకుని కరెంటు పెట్టాను. తగ్గింది గాని ఆగలేదు. మళ్ళీ పెట్టాను. మూడోసారికి ఆగింది. అప్పుడే పొట్ట తెరిచి ఉండవలసింది. తెరవడానికి కావలసిన కత్తి, సామగ్రి పక్క బల్ల మీదే సిద్ధంగా ఉన్నాయి. రక్తం ఆగిందన్న ఊరటలో, ఇంత దూరం వచ్చాం కదా అని ముందుకు పోయాను. మిగతా పని గంటలో పూర్తయింది.

మా దగ్గర ఒక అలవాటు ఉండేది. ఆపరేషన్ వివరం కేస్ షీట్‌లో రాసేది అసిస్టెంట్ సర్జన్. రోజుకు నాలుగైదు ఆపరేషన్లు ఉంటాయి కనుక అందరికీ ఒకే వరసలో, ఒకే వాక్యాలతో రాస్తుంటారు. సివిల్ సర్జన్ చివర సంతకం పెడుతుంది. ఆ వరసలో ఆరో వాక్యం, రెండు వైపులా మూత్రనాళాలు చూశాం, కదలికలు మామూలుగా ఉన్నాయి, అని. ఆ రోజు కూడా అసిస్టెంట్ సర్జన్ అమ్మాయి ఆ వాక్యం రాసింది. నేను తర్వాతి రోగికి మత్తు ఇస్తున్న డాక్టరుతో మాట్లాడుతూ సంతకం పెట్టాను.

మర్నాడు ఉదయం మూత్రపు గొట్టం తీశాం. మూడోరోజు కోటేశ్వరమ్మ నడుచుకుంటూ ఆటో ఎక్కింది. ఆమెతో ఉన్న అత్తగారు సుబ్బమ్మ, పచ్చి పుండు ఉన్న మనిషిలాగే లేదమ్మా అని మెచ్చుకుంది. పప్పు పెట్టవద్దా, వంకాయ ఎన్నాళ్ళు మానాలి అని మస్తాన్‌బీని అడిగింది. అన్నీ పెట్టొచ్చు పెద్దమ్మా, నీళ్ళు బాగా తాగించు అని మస్తాన్‌బీ చెప్పింది. సుబ్బమ్మ తల ఊపింది. నేను అక్కడే ఉన్నాను. ఆ తల ఊపడం ఎంతవరకు నమ్మాలో ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు తెలిసి ఉండాలి.

పదోరోజు పరీక్షకు వచ్చింది. ఆ రోజు ఓపీలో కూర్చోవడానికి బల్లలు చాలక ఆడవాళ్ళు వరండాలో నేల మీద కూర్చున్నారు. నేను వరసగా అడిగే ప్రశ్నలే అడిగాను. జ్వరం ఉందా? లేదు. నొప్పి? కొంచెం నడుంలో. తెల్లబట్ట అవుతోందా? అవుతోంది. లోపలి కుట్లు కరిగే రోజుల్లో అలా కావడం మామూలే. మాత్రలు రాసి, నెలన్నరకు మళ్ళీ రమ్మన్నాను. ఆమె కుర్చీలోంచి లేచాక చీర వెనక భాగాన్ని చేత్తో సర్దుకుని గోడ పక్కగా బయటికి పోయింది. ఆ కదలిక చూశాను గాని దాన్ని గురించి ఆలోచించలేదు.

నెలన్నర దాకా ఆగవలసిన పని రాలేదు. ముప్పై ఎనిమిదో రోజు పొద్దున బ్రహ్మయ్య ఆమెను చలి జ్వరంతో తీసుకొచ్చాడు. ఎడమ నడుం పట్టుకుంటే విలవిల్లాడింది. మూత్రంలో చీము ఉందని సెలైన్, ఇంజెక్షన్లు మొదలుపెట్టించి నేను థియేటరుకు వెళ్ళాను. పన్నెండింటికి మస్తాన్‌బీ థియేటరు తలుపు దగ్గరకు వచ్చి కబురు పంపింది. ఆమె అలా వచ్చేది కాదు. బయటికి వచ్చాను.

"మేడమ్, దుప్పటి రెండుసార్లు మార్చా. అది తెల్లబట్ట కాదు. ఒంటికే."

మంచం దగ్గరకు వెళ్ళి తెర వేయించి, ఇంటివాళ్ళను బయటికి పంపించి, ఈసారి నెమ్మదిగా అడిగాను. ఎన్నాళ్ళ నుంచి తడుస్తోందని. ఆపరేషనైన ఎనిమిదో రోజు నుంచి అంది. మామూలుగా ఒంటికి కూడా పోతోంది, ఇదీ కారుతోంది, రెండూ. కాబట్టి తనకు ఏదో పాడు నీరు దిగుతోందనుకుంది. పదోరోజు నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"తెల్లబట్ట అవుతుందా అన్నారు గదమ్మా. అవుతుందన్నా. మీరు మందు రాశారు. అదే గామాల అనుకున్నా."

ఆ తర్వాత ఆమె ఇంట్లో ఎలా గడిపిందో మస్తాన్‌బీ కొంచెం కొంచెంగా రాబట్టింది. సుబ్బమ్మ కోడలికి పథ్యం పెట్టింది. మా ప్రాంతంలో ఆపరేషనైన మనిషికి నీళ్ళు ఇస్తే కుట్లు పచ్చిగా ఉంటాయని నమ్మకం. పొద్దున ఒక గ్లాసు వాము నీళ్ళు, సాయంత్రం ఒక గ్లాసు. వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం. సుబ్బమ్మ ఇది ప్రేమతోనే చేసింది, తన ముగ్గురు కూతుళ్ళకూ ఇలాగే చేసింది. కోటేశ్వరమ్మకు ఈ పథ్యం కలిసి వచ్చింది. నీళ్ళు తక్కువ తాగితే తడి తక్కువ. ఆ సంగతి గ్రహించాక రెండు గ్లాసులను కూడా ఒకటి చేసుకుంది. మాట వినే కోడలని సుబ్బమ్మ చుట్టుపక్కల చెప్పుకుంది.

రెండు వారాలకే ఆమె నునుపు పనికి కూర్చుంది. చిన్న ఆపరేషనే గదా అని ఇంట్లో ఎవరూ వద్దనలేదు. కూర్చోవాలని ఆమె కూడా కోరుకుంది, కారణం వేరు. నునుపు పెట్టే మనిషి చీర ఎప్పుడూ తడిసే ఉంటుంది. నీళ్ళు, రాతి పొడి కలిసి నడుం కింద అంతా బురద. ఆ తడిలో ఈ తడి ఎవరికీ కనపడదు. పొద్దున అందరికంటే ముందు కూర్చుని, అందరూ లేచాక లేచేది. పక్కింటి గడప తొక్కడం మానేసింది. ఆటోలో ఇంకొకరి పక్కన కూర్చోవాలి కనుక ఆసుపత్రికి రావడమూ మానుకుంది. మూడు వారాలకు పైగా ఒకే షెడ్డులో కూర్చుని పనిచేసిన భర్తకు కూడా తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే మూడు దూది ఉండల పరీక్ష చేశాం. ఇది పాత పరీక్ష, ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. గొట్టంతో మూత్రసంచిలోకి నీలం రంగు మందు కలిపిన నీళ్ళు ఎక్కించి, యోనిలో ఒకదానిపైన ఒకటి మూడు దూది ఉండలు ఉంచి, రోగిని కాసేపు నడిపిస్తాం. దూది నీలంగా వస్తే రంధ్రం మూత్రసంచికి పడినట్టు. పైనున్న ఉండ తడిసినా రంగు అంటకపోతే, ఆ మూత్రం సంచిలోకి చేరకముందే, పైన నాళంలోంచే కారుతున్నట్టు. పరీక్షకు ముందు రోగి కడుపునిండా నీళ్ళు తాగాలి. మస్తాన్‌బీ లీటరు సీసా, గ్లాసు తెచ్చి మంచం మీద పెట్టింది. కోటేశ్వరమ్మ గ్లాసు అందుకోలేదు.

"తాగితే కారిద్ది సిస్టర్."

"కారనియ్యమ్మా. కారితే గదా మాకు తెలిసేది."

"దుప్పటి పాడైద్ది."

"అయితే నేను ఉతుకుతాలే. నీ అత్త లేదు ఇక్కడ, నేనున్నా. తాగు."

ఆమె తాగింది. ఒక గ్లాసు తాగి ఆగి, మాకేసి చూసి, మిగిలింది ఎత్తిన సీసా దించకుండా తాగేసింది. నెల రోజుల దాహం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

అరగంట తర్వాత కింది రెండు ఉండలు పొడిగా వచ్చాయి. పై ఉండ పిండితే నీరు కారింది. అందులో రంగు లేదు. స్కానింగులో ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది. నాళం కొంత పూడుకుపోయి, కొంత కారుతోంది. ఇలాగే వదిలేస్తే ఆ కిడ్నీ పోతుంది. ఎంత పోయిందో అప్పటికి చెప్పలేని స్థితి.

సాయంత్రం ఇంటికి వచ్చి ఆపరేషన్ రోజు డైరీ పేజీ తీశాను. మూడు ముక్కలు ఉన్నాయి. ఎడమవైపు రక్తస్రావం. మూడుసార్లు కరెంటు. మూత్రనాళం కనపడలేదు. నా చేతి రాతే. కరెంటు వేడికి కాలిన నాళం వెంటనే తెగదు. వారం పది రోజులకు ఆ భాగం చచ్చి ఊడి, అప్పుడు కారుతుంది. ఎనిమిదో రోజు అని ఆమె చెప్పిన లెక్క దీనికి సరిపోయింది.

మర్నాడు ఉదయం కేస్ షీట్ తెప్పించాను. రెండు వైపులా మూత్రనాళాలు చూశాం, కదలికలు మామూలుగా ఉన్నాయి. కింద నా సంతకం. అసిస్టెంట్ సర్జన్ అమ్మాయిని పిలిచి ఆ వాక్యం చూపించాను. ఆమె ముఖం పాలిపోయింది. అన్ని కేసులకూ అదే రాస్తున్నాం గదా మేడమ్ అంది. నిజమే. ఆమెకు ఆ వరస నేర్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ అమ్మాయి ఉద్యోగం కాంట్రాక్టు మీద. నీ మీదకు ఏదీ రానివ్వను, కాని ఇక ముందు కంటితో చూడనిది రాయకు అని పంపించాను.

సూపరింటెండెంట్ గారు మంచి మనిషి. నేను చెప్పిందంతా విన్నారు. కోటేశ్వరమ్మను గుంటూరు పెద్దాసుపత్రికి పంపే కాగితంలో, ఆపరేషన్ తర్వాత ఆలస్యంగా వచ్చిన ఇబ్బంది అని రాయండి, అది అబద్ధం కూడా కాదు అన్నారు. కేస్ షీట్ మీకు అనుకూలంగా ఉంది, దాన్ని ఎందుకు కదిలించడం అని అడిగారు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. ఆసుపత్రి మీద గొడవ జరిగితే తర్వాత వచ్చే రోగులు భయపడతారన్నది ఆయన ఆలోచన. కాని నాళం చూసి వదిలాం అని రాసి ఉంటే, గుంటూరులో డాక్టరు దెబ్బ ఇంకోచోట ఉందనుకుని వెతుకుతాడు. అది కోటేశ్వరమ్మకు నష్టం. ఆ మాటే ఆయనతో చెప్పాను. పాత వాక్యాన్ని కొట్టెయ్యకుండా, దిద్దకుండా, కింద ఆ రోజు తేదీ, సమయం వేసి రాశాను. ఎడమ మూత్రనాళాన్ని ఆపరేషన్‌లో చూడలేదు, ధమని దగ్గర మూడుసార్లు కరెంటు వాడాను, పై వాక్యం సరికాదు, అని. పూర్తి పేరుతో సంతకం చేశాను.

తర్వాత బ్రహ్మయ్యను, సుబ్బమ్మను నా గదికి పిలిపించాను. కోటేశ్వరమ్మను చక్రాల కుర్చీలో మస్తాన్‌బీ తీసుకొచ్చింది. కిడ్నీ నుంచి వచ్చే నాళానికి ఆపరేషన్‌లో కరెంటు వేడి తగిలిందని, అది కాలి ఊడిందని, కారుతున్నది మూత్రమని చెప్పాను. ఆ నాళం ఎక్కడుందో చూడకుండా కరెంటు పెట్టానని, పొరపాటు నాదని చెప్పాను. బ్రహ్మయ్య గోళ్ళలో రాతి పొడి ఉంది. దాన్ని గిల్లుకుంటూ కూర్చున్నాడు.

"చూడకుండా ఎట్టా పెడతారమ్మా? టీవీ ఉంది గదా?"

"రక్తం అడ్డం వచ్చింది. కనపడలేదు."

"మరి ఆగాల్సింది."

"ఆగాల్సింది."

అతను అరుస్తాడని మస్తాన్‌బీ తలుపు దగ్గరకు జరిగింది. అతను అరవలేదు. భార్య వైపు తిరిగి, "నెల్నాళ్ళు నా పక్కనే కూర్చున్నావ్. ఒక్క మాట చెప్పకపోతివి" అన్నాడు. ఆమె, "ఏందని చెప్పను?" అంది. సుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేనే తాగమాకే తాగమాకే అని దాని గొంతెండగట్టా అని ఏడవడం మొదలుపెట్టింది. నీళ్ళు తాగినా ఆ నాళం మూసుకునేది కాదు, నాకు ముందుగా తెలిసేది, అంతే, అని ఆవిడకు చెప్పాను. ఊరడించడానికి అన్న మాట కాదు, నిజమే చెప్పాను. పదోరోజు నేను సరిగ్గా అడిగి ఉన్నా తెలిసేది.

కిడ్నీ ఉంటుందా అని బ్రహ్మయ్య అడిగాడు. ఇప్పుడే చెప్పలేనన్నాను. గుంటూరులో మూత్రవ్యాధుల సర్జన్ ముందు నాళంలోకి సన్నటి గొట్టం వేయడానికి ప్రయత్నిస్తాడని, అది దిగితే ఇంకో ఆపరేషన్ అక్కర్లేకపోవచ్చని, దిగకపోతే వీపు నుంచి కిడ్నీకి గొట్టం పెట్టి ముందు దాన్ని కాపాడి, కొన్ని వారాలకు పొట్ట కోసి నాళాన్ని మూత్రసంచికి కొత్తగా అతకాలని వివరించాను. కోటేశ్వరమ్మ అప్పటిదాకా తల ఎత్తలేదు. అప్పుడు ఎత్తింది.

"అది కూడా మీరే చేస్తారా?"

"లేదమ్మా. ఆ పని తెలిసినాయన చేస్తారు."

"మీరు పక్కనుండండి. ఎక్కడ కాల్చారో మీకు తెలుసు గదా."

ఎత్తిపొడుపుగా అన్నదో, అవసరం అనుకుని అన్నదో ఆమె గొంతును బట్టి నాకు తెలియలేదు. ఉంటానని చెప్పాను.

గుంటూరులో గొట్టం దిగలేదు. వీపు నుంచి కిడ్నీకి గొట్టం పెట్టి, సంచి తగిలించి ఇంటికి పంపారు. ఏడు వారాలు ఆ సంచితో ఉంది. మూత్రం సంచిలోకి పోతోంది కనుక కింద తడవడం ఆగింది. మొదటి వారంలోనే పక్కింటికి పోయి కూర్చుందని మస్తాన్‌బీ ఫోనులో కనుక్కుని చెప్పింది. సంచి బయటికి కనపడుతున్నా ఆమెకు దానితో ఇబ్బంది లేదట. అడిగిన వాళ్ళందరికీ అదేమిటో విడమరచి చెప్పేదట. సుబ్బమ్మ గంటగంటకూ నీళ్ళ చెంబు పట్టుకుని వెంటపడుతోందని, దీనికంటే పథ్యమే నయమని విసుక్కుందట.

ఆ ఏడు వారాల్లో నేను రంధ్రాల ఆపరేషన్లు చెయ్యలేదు. వచ్చిన వాళ్ళను గుంటూరు పంపాను, లేదా పాత పద్ధతిలో చేశాను. ఏ అలవాట్లు మార్చాలో తేలకుండా మళ్ళీ మొదలుపెట్టకూడదనిపించింది.

ఆపరేషన్ రోజు సెలవు పెట్టి గుంటూరు వెళ్ళాను. అక్కడి సర్జన్ నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. నన్ను చూసి లేచి నిలబడి, మీరు చెయ్యండి మేడమ్, నేను సాయం పడతాను అన్నాడు. కాదని, రెండో అసిస్టెంటుగా నిలబడ్డాను. ఆ స్థానంలో ఉన్నవాళ్ళ పని గాయం అంచులను ఇనుప పరికరంతో పట్టుకుని లాగి ఉంచడం. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు చేసిన పని అది. రెండు గంటలు అలా నిలబడ్డాను. సర్జన్ నాళాన్ని పైనుంచి కిందికి వెతుక్కుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. అక్కడ అది తెల్లగా, గట్టిగా, దారంలా బిగిసిపోయి ఉంది. పట్టకారు కొనతో చూపించి, ఇక్కడ, అన్నాడు. నేను కాగితంలో రాసిన చోటే. మరో మాట లేకుండా ఆ భాగం కత్తిరించి, బాగున్న కొనను మూత్రసంచి పైభాగంలో అతికాడు.

మూడు నెలలకు గొట్టాలన్నీ తీసేశాక స్కానింగు చేయించాం. నాళం పనిచేస్తోంది. ఎడమ కిడ్నీ నిలిచింది గాని పూర్తిగా కోలుకోలేదు. కొంత భాగం పలచబడింది. కుడిది బాగుంది కనుక రోజువారీ బతుక్కు లోటు ఉండదని, ఏడాదికోసారి రక్తపోటు, రక్తపరీక్ష చూపించుకోవాలని చెప్పాను. కోటేశ్వరమ్మ పనిలోకి పోయింది. నునుపు పెట్టడానికి నేల మీద కూర్చోకుండా బ్రహ్మయ్య ఆమెకు నడుమెత్తు రాతి దిమ్మె ఒకటి చెక్కిపెట్టాడట. ఆమె నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు. పరీక్షలకు మాత్రం నేను రిటైరయ్యేదాకా నా దగ్గరికే వచ్చింది.

కేస్ షీట్‌లో నేను రాసిన దాని మీద పైనుంచి మెమో వచ్చింది. విచారణ జరిగి, లిఖితపూర్వకంగా హెచ్చరించారు. అది నా సర్వీసు రిజిస్టరులో ఉంది, ఉండవలసిందే. మా విభాగంలో ముందే తయారుచేసుకున్న ఆపరేషన్ వాక్యాలు తీసేయించాను. ఎవరు చూశారో వాళ్ళే, చూసిందే రాయాలి. చూడకపోతే చూడలేదని రాయాలి. పదోరోజు పరీక్షలో రోగిని ఇంటివాళ్ళు లేనప్పుడు హెడ్ నర్సు ముందుగా కూర్చోబెట్టుకుని, రోజుకు ఎన్ని గ్లాసులు తాగుతున్నావు, కట్టుకున్న బట్ట ఎన్నిసార్లు మారుస్తున్నావు, ఏ వాసన వస్తోంది అని అడగడం మొదలుపెట్టించాను. ఈ మూడు ప్రశ్నలూ మస్తాన్‌బీ చెప్పినవే.

మరుసటి సంవత్సరం ఇంకొక స్త్రీ వచ్చింది. దాచేపల్లి వైపు మనిషి. ఆమెకు గడ్డ కుడివైపు కింద ఉంది. రంధ్రాల పద్ధతిలోనే మొదలుపెట్టాం. నాళాన్ని వెతికాను, కనపడలేదు. ఈసారి రక్తం కూడా లేదు, తెర శుభ్రంగానే ఉంది. అయినా దొరకలేదు. పది నిమిషాలు చూసి కెమెరా బయటికి తీయించి, కత్తి అడిగాను. పొట్ట తెరిచాక నాళం గడ్డకు బయటి అంచున, నేను వెతకని చోట, వేలికి తగిలింది. పక్కకు జరిపి గడ్డ తీశాను. నాలుగోరోజు ఆమె అన్న సూపరింటెండెంట్‌కు అర్జీ పెట్టాడు. టీవీ ఆపరేషన్ అని చెప్పి పొట్ట కోశారని, చేతగాని డాక్టర్లను పెట్టారని. నన్ను సంజాయిషీ అడిగారు. మూత్రనాళం కనపడలేదు కనుక పొట్ట తెరిచి చూశాను, అని ఒక్క వాక్యం రాసి ఇచ్చాను.

పొట్ట మీది రంధ్రం చిన్నదైనంత మాత్రాన లోపల జరిగేది చిన్న పని కాదు. కనపడనప్పుడు ఆగాలి. చూడనిదాన్ని చూశామని రాయకూడదు. మనం అడిగిన ప్రశ్నను దాటి రోగి జవాబు రాదు. ఇవేవీ కోటేశ్వరమ్మ వల్ల నేను కొత్తగా నేర్చుకున్నవి కావు, చదువుకునే రోజుల్లోనే పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవి. వాటిని ప్రతి ఆపరేషన్‌లో, ఏ రోజూ తప్పకుండా పాటించడం మాత్రం ఆమె తర్వాతే మొదలుపెట్టాను.